వీధి అరుగులు తీసేస్తే ఊరి ఆరోగ్యం మీద ప్రభావం ఉంటుందా?

ప్రశ్న – చేనేత వీధి (గంజాం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక చికిటి వైపు ఉండే ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే చేనేత కుటుంబాలు మా వీధిలో ఎక్కువ. వీధి పొడవుగా, తిన్నగా ఉంటుంది. రెండు వరుసల ఇళ్ళూ గోడకు గోడ ఆనించి కట్టినవి. ప్రతి ఇంటి ముందూ మోకాటి ఎత్తున గచ్చు అరుగు, అరుగుకూ వీధికీ నడుమ మూత లేని మురుగు కాలువ ఉంటాయి. ఇప్పుడు మా వీధికి సిమెంటు రోడ్డు, దాని పక్కన కొత్త కాలువ మంజూరయ్యాయి. రోడ్డు వెడల్పు కావాలంటే కాలువ ఇళ్ళ వైపు జరగాలని, కాలువ జరగాలంటే అరుగులు పోవాలని చెబుతున్నారు. అరుగుల్లో కొంత భాగం వీధి స్థలంలోనే ఉందని కొలతలు చూసిన వారందరూ ఒప్పుకున్నారు కాబట్టి హక్కుల గొడవను ఇక్కడికి తేవడం నా ఉద్దేశం కాదు.

వీధిలో అభిప్రాయం రెండుగా చీలింది. అంబులెన్సు ఇంటి దాకా రావాలని, వానాకాలంలో మురుగు గడప తొక్కకూడదని కుర్రవాళ్ళు అంటున్నారు, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పెద్దవాళ్ళు మాత్రం అరుగు ముట్టుకోవద్దంటున్నారు, ఎందుకని అడిగితే మా తాతల నాటిదని తప్ప మరో మాట చెప్పలేకపోతున్నారు. ఆ మాట సమావేశంలో నిలబడదు.

నేను చూసినంతలో అరుగు కేవలం కూర్చునే చోటు కాదు. ఉదయం ఎండ ముదరక ముందే వీధి పొడవునా పడుగు (మగ్గానికెక్కించే నిలువు దారాలు) చాపుతారు, ఆ పని చేసేవారికి అరుగే సామాను పెట్టుకునే చోటు. మగ్గం గుంటలోకి దిగి కూర్చోలేని వయసు వచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నం నీడ పడ్డ వైపు అరుగు మీద రాట్నం పెట్టుకుని కండెలు చుడతారు. నాలుగైదు అరుగుల మీద పులిజూదం గీతలు గచ్చులోనే చెక్కి ఉన్నాయి, అవి గోళ్ళతో గీకినా మట్టి రానంతగా అరిగిపోయాయి. వేసవిలో కరెంటు పోయిన రాత్రి లోపల పడుకోగలిగేవారు తక్కువ.

నా సందేహాలు రెండు. ఇంటి, వీధి నిర్మాణానికీ మనుషుల ఆరోగ్యానికీ, ఇరుగుపొరుగు సంబంధాలకూ నిజంగా సంబంధం ఉందని ఎవరైనా కొలిచి చూపించారా, లేక ఇదంతా పాత వస్తువుల మీద మమకారమేనా అన్నది మొదటిది. రోడ్డు, కాలువ, అరుగు ఈ మూడూ నిలిచేలా కట్టడం సాధ్యమేనా అన్నది రెండవది. తెలిసినవారు వివరంగా రాస్తే వార్డు సమావేశంలో చదివి వినిపిస్తాను.


సమాధానం – విశ్రాంత ఇంజనీరు, బరంపురం

మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే నా చేతికి అలవాటైన విషయం అదే.

అరుగు ఉండాలా వద్దా అన్న చర్చలో పడి మీరు రోడ్డు ఎత్తును మరిచిపోవద్దు. మన వైపు పట్టణాల్లో వీధి ఇళ్ళకు జరిగే అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. ఉన్న రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే మరో 15 సెంటీమీటర్ల సిమెంటు పొర పోస్తారు, కొన్నేళ్ళకు ఇంకో పొర. ఇంటి అడుగు మట్టం చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మూడు నాలుగు పొరలు పడేసరికి ఆ ఎత్తు మొత్తం తరిగిపోయి, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్ళవలసి వస్తుంది. అప్పుడు వాన నీరు రోడ్డు మీద నుంచి గడప వైపే పారుతుంది, గోడల అడుగున చెమ్మ ఎక్కుతుంది, గచ్చు ఊడుతుంది, మూలల్లో బూజు పడుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పైగా మీవి గుంట మగ్గాలు. గుంటలోకి ఊట దిగితే ఆ ఇంటి జీవనాధారమే ఆగిపోతుంది. కాబట్టి సమావేశంలో మీరు అడగవలసిన మొదటి మాట, పాత పొర తీసిన తరువాతే కొత్త రోడ్డు వేయాలని, పూర్తయిన రోడ్డు మట్టం ఇప్పుడున్న దానికంటే ఒక్క అంగుళం కూడా పెరగకూడదని. ఆ మాట పని పత్రాల్లో రాతపూర్వకంగా ఉండాలి, నోటి మాట చాలదు.

ఇక వెడల్పు సంగతి. ఒక వరుస బండ్లు నడిచే రోడ్డుకు మన దేశంలో సాధారణంగా పెట్టుకునే వెడల్పు 3.75 మీటర్లు, పల్లె రోడ్లకు 3 మీటర్లు కూడా సరిపోతుందంటారు. అంబులెన్సు రావడానికి ఇంతకంటే అక్కరలేదు. రెండు కార్లు ఎదురెదురుగా వేగంగా పోవాలనుకున్నప్పుడే ఎక్కువ వెడల్పు కావాలి. మీ వీధి చివర మరో ఊరికి దారి లేకపోతే ఆ వేగం ఎవరి కోసమని అడగండి.

కాలువ విషయంలో నా సూచన ఇది: కాలువను అరుగు కిందికి జరపనివ్వండి, కానీ దాని మీద వేసే పలకలు అరుగు మట్టానికి ఉండేలా కట్టించండి, అప్పుడు కాలువ మూతే అరుగు అవుతుంది. అరుగు వెడల్పు కొంత తగ్గవచ్చు, ముప్పావు మీటరు మిగిలినా మనిషి గోడకు ఆనుకుని కూర్చోవచ్చు, రాట్నమూ పెట్టుకోవచ్చు.


సమాధానం – పాత ఆరోగ్య పర్యవేక్షకుడు, గంజాం జిల్లా

ఇంజనీరు గారి సూచనలో ఒక జాగ్రత్త చేర్చాలి. కాలువ మీద మూత ఒకే ముక్కగా పోతపోస్తే పైకి శుభ్రంగా కనిపిస్తుంది, కింద పూడిక పేరుకుంటుంది, నీరు నిలుస్తుంది. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు వ్యాధిని మోస్తుంది, మన గంజాం జిల్లా ఆ వ్యాధి పాతుకుపోయిన జిల్లాల్లో ఒకటి. మందులు మింగించే కార్యక్రమం ఏటా ఇల్లిల్లూ తిరిగి చేయవచ్చు, కాలువ అడుగున నీరు నిలిచి ఉన్నంత కాలం దోమకు లోటుండదు. అందుకని మూతలు విడివిడి పలకలుగా, ఎత్తి తీయగలిగేవిగా ఉండాలి, కాలువకు వాలు సరిగా ఉండాలి. డెంగీ దోమ కథ వేరు, అది మంచినీళ్ళ తొట్టెల్లోనూ పెరట్లో పడేసిన టైర్లలోనూ పెరుగుతుంది, దానికి ఈ కాలువతో పని లేదు. ఈ రెండింటినీ కలిపి కాలువ మీదికే నెట్టడం మన సమావేశాల్లో తరచూ జరుగుతుంది.

మొదటి సందేహానికి వస్తే, అవును, కొలిచారు. మన అరుగులను కాదు గాని, వాటికి చుట్టరికం ఉన్న విషయాలను కొలిచారు. 1960ల చివర అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే నగర రూపకర్త ఒకే రకమైన మూడు వీధులను తీసుకుని, బండ్ల రాకపోకలు మాత్రమే వేరుగా ఉన్నప్పుడు ఇరుగుపొరుగు ఎలా ఉంటారో చూశారు. రోజుకు 2,000 బండ్లు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు ఉండగా, 16,000 బండ్లు తిరిగే వీధిలో ఆ సంఖ్య 0.9కి పడిపోయింది. ముఖపరిచయం ఉన్నవారి సంఖ్య కూడా 6.3 నుంచి 3.1కి తగ్గింది. బండ్లు ఎక్కువైన వీధిలో జనం ముందు గదులు వదిలి వెనక గదుల్లోకి చేరుకున్నారు. మీ వీధికి 16,000 బండ్లు ఎన్నటికీ రావనుకోండి, అయినా దిశ అర్థమవుతుంది.

స్నేహితులు తగ్గితే ఆరోగ్యానికేమిటి అని మీ కుర్రవాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా. 2010లో 148 అధ్యయనాలను, అంటే 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను, ఒక చోట చేర్చి పరిశీలించినప్పుడు సామాజిక సంబంధాలు గట్టిగా ఉన్నవారు బతికి ఉండే అవకాశం, లేనివారితో పోలిస్తే 50 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇది పొగ మానేయడం వల్ల కలిగే మేలుతో పోల్చదగ్గ ప్రభావం.

ఎండల సంగతి మనకు ఇంకా దగ్గరది. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఆ తరువాతే రాష్ట్రంలో ఏటా ముందస్తు ఏర్పాట్లు మొదలయ్యాయి. అంతకు మూడేళ్ళ ముందు, 1995 జులైలో, చికాగో నగరంలో కొద్ది రోజుల వేడికి 739 మంది అదనంగా మరణించారు. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు పేద పేటల్లో మరణాల రేటు ఒక చోట పదింతలు ఎక్కువ. కారణాలు వెతికినవారు చెప్పినది ఏమిటంటే, ఎక్కువ మంది చనిపోయిన పేటలో దుకాణాలు మూతపడి, స్థలాలు పాడుబడి, వృద్ధులు తలుపు తీసి బయటికి రావడానికే భయపడ్డారు. రెండవ పేటలో వీధి నిండా జనం, కొట్లు ఉండడం వల్ల ఒంటరి ముసలివారు కూడా బయటికి వచ్చారు, రాకపోతే ఎవరో ఒకరు గమనించారు. మీ వీధిలో మధ్యాహ్నం కండెలు చుట్టే పెద్దావిడ ఒక రోజు అరుగు మీద కనిపించకపోతే పక్కింటివారు తలుపు తట్టరా? ఆశా కార్యకర్త వారానికోసారి వచ్చి చేయగలిగే పని కాదది.


సమాధానం – పర్లాకిమిడి కోడలు

పెద్దలు చెప్పినదానితో నాకు పేచీ లేదు గాని, అరుగును మరీ ఆకాశానికెత్తేస్తున్నారనిపించి రాస్తున్నాను. నేను కోడలుగా వచ్చిన వీధిలోనూ అరుగులున్నాయి. సాయంత్రం వాటి మీద కూర్చునేది మగవాళ్ళు. ఆడవాళ్ళకు వయసు మళ్ళే దాకా వీధి అరుగు దక్కదు, మా కబుర్లు పెరటి గుమ్మం దగ్గరా, కుళాయి దగ్గరా సాగేవి. ఇంటింటికీ కుళాయి వచ్చాక ఆ కలయిక పోయింది, కానీ బిందెలు మోసే బాధ కూడా పోయింది, ఆ బాధ తిరిగి కావాలని మాలో ఒక్కరూ కోరుకోరు. చేనేత వీధిలో పని వల్ల ఆడవాళ్ళు అరుగు మీదికి రావడం మంచిదే, అన్ని వీధులూ అలా ఉన్నాయనుకోవద్దు.

రెండో మాట, ఊరి చివర కాలనీల్లో ఉండేవారికి అరుగు అన్నదే ఎప్పుడూ లేదు. ఒకప్పుడు కొన్ని కులాలవారు ఇదే అరుగుల ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడవవలసి వచ్చేది. అరుగు మీద కూర్చునే హక్కు ఎవరికి ఉందో చూడకుండా అది సమాజాన్ని కలుపుతుందని ఎలా అంటాం? ఇప్పుడు ప్రభుత్వం కట్టించే పక్కా ఇంటికి కనీస విస్తీర్ణం వంట చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. అందులో అరుగుకు చోటెక్కడ? ఆ వరుసల నడుమ ఒక చెట్టు, ఒక రచ్చబండ, ఒక దీపం అయినా ఉంటే బాగుండునని మీ సమావేశంలో ఎవరైనా అడిగితే సంతోషిస్తాను.

మన జిల్లాల్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. బరంపురం దగ్గర మోహుదా కేంద్రంగా 1979 నుంచి పనిచేస్తున్న గ్రామ వికాస్ సంస్థ, ఊళ్ళో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, కుళాయి ఉండాలని, ఒక్క కుటుంబం ఒప్పుకోకపోయినా పని మొదలుపెట్టబోమని నియమం పెట్టుకుంది. కుటుంబానికి సగటున వెయ్యి రూపాయల చొప్పున మూలనిధి కూడా ఊరివారే పోగుచేయాలి. ఒకే ట్యాంకు నీరు అన్ని కులాల ఇళ్ళకూ ఒకే రకంగా రావడం అక్కడి అసలు విశేషం. దీనికి ఎదురు ఉదాహరణ పూరీ జిల్లాది: 100 గ్రామాల్లో చేసిన పరీక్షలో మరుగుదొడ్లున్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినా పిల్లల విరేచనాలు తగ్గిన దాఖలా కనిపించలేదని 2014లో ప్రచురించారు. కొందరి ఇంట్లో కట్టి కొందరిని వదిలేస్తే, కట్టినవారు కూడా వాడకపోతే, మురుగు అందరి కాళ్ళ కిందా పారుతూనే ఉంటుంది. కాలువ పనిలోనూ ఇదే గుర్తుంచుకోండి. మీ వీధి కాలువ చివర ఎవరి ఇళ్ళ ముందుకు వెళ్ళి తెరుచుకుంటుందో ఒకసారి నడిచి చూడండి.


సమాధానం – రాయగడ ఉపాధ్యాయుడు

కోడలు గారి రెండో మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇంటి లోపలి గాలి గురించి మాత్రమే చేరుస్తాను, ఎందుకంటే అరుగు పోయాక జనం చేరేది లోపలికే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు పెంకుటిళ్ళు, పూరిళ్ళు ఎలా ఎగిరిపోయాయో గంజాం వారికి చెప్పనక్కరలేదు. 2018లో తిత్లీ గజపతి జిల్లాలో కొండ చరియలను కూడా కూల్చింది. ఆ తరువాత అందరూ శ్లాబు వైపు మొగ్గడం సహజం, సరైనది కూడా. అయితే శ్లాబుతో పాటు కప్పు ఎత్తు తగ్గింది, పెంకుల సందుల్లోంచి పైకి పోయే వేడి గాలికి దారి మూసుకుపోయింది, పగలంతా కాగిన శ్లాబు రాత్రంతా వేడిని కిందికి దించుతుంది. గోడకు గోడ ఆనించిన ఇళ్ళలో పక్క కిటికీలకు వీలుండదు, గాలి వీధి వైపు నుంచి వచ్చి పెరటి వైపు పోవాలి. అందుకే ముందు తలుపు తీసి ఉంచగలగడం ఆ ఇంటికి ప్రాణం. అరుగు తీసి, గడప పక్కనే బండ్లు తిరిగితే దుమ్ముకూ మోతకూ భయపడి ఆ తలుపు మూస్తారు.

గాలి ద్వారా అంటుకునే క్షయ వ్యాధి ఉన్న ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు. పెరూ దేశ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో చేసిన పరిశీలనను 2007లో ప్రచురించారు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న 1950కి ముందటి పాత వార్డుల్లో తలుపులు, కిటికీలు తీసి ఉంచితే గాలి గంటకు 40 సార్లు మారింది, కొత్త తరహా వార్డుల్లో 17 సార్లు. యంత్రాలతో గాలి ఆడించే గదుల్లో 12 సార్లు మాత్రమే. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా తేమగా వేడిగా ఉండే ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గది నేలలో ఆరో వంతు ఉండాలని చెబుతుంది. మన కొత్త ఇళ్ళలో దొంగల భయంతో పెట్టే రెండడుగుల కిటికీ దానికి ఎక్కడా సరిపోదు. శ్లాబు మీద ఏటా వేసవికి ముందు తెల్ల సున్నం పూయడం చౌకలో అయ్యే పని, దానివల్ల గదిలో వేడి తగ్గుతుంది.


ప్రశ్న అడిగినవారి జవాబు – చేనేత వీధి

అందరికీ కృతజ్ఞతలు. కోడలు గారు చెప్పినట్టు కాలువ వెంట నడిచి చూశాను. మా వీధి మురుగు చివరకు కుమ్మరి కొట్టాల వెనక ఉన్న పల్లంలో నిలుస్తోంది. కొత్త అంచనాలో కూడా కాలువ మా వీధి చివరి ఇంటి దగ్గరే ఆగుతుంది. ఇప్పటి దాకా మా వీధిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. కాలువను చెరువు దిగువ వాగు దాకా పొడిగించమని ఆ వాడవారితో కలిసి ఒకే అర్జీ పెట్టాలని అనుకుంటున్నాం.

రోడ్డు మట్టం పెంచకూడదన్న షరతుకు రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు చాలన్నదానికి కుర్రవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు, పెళ్ళి ఊరేగింపు బండి తిరగదంటున్నారు. ఇంజనీరు గారూ, మూత పలకల కొలతలు ఎలా ఉండాలో చెప్పగలరా? వాటిని ఎత్తేది మా వీధివారే, పారిశుద్ధ్య సిబ్బంది ఎప్పుడు వస్తారో చెప్పలేం.


సమాధానం – విశ్రాంత ఇంజనీరు, బరంపురం

ఊరేగింపు బండి తిరగడానికి వీధంతా వెడల్పు చేయనక్కరలేదు, వీధి మధ్యలో గుడి ముందు ఖాళీ ఉంటే అక్కడ ఒక్క చోట వెడల్పు ఇవ్వండి, చాలు.

పలకల సంగతి: 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, ఏడున్నర సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు పలక బరువు సుమారు 50 కిలోలు అవుతుంది, ఇద్దరు మనుషులు ఇనుప కొక్కేలతో ఎత్తగలరు. మందం 10 సెంటీమీటర్లు, వెడల్పు 60 చేస్తే 90 కిలోలకు పోతుంది, అప్పుడు ఒకసారి వేసిన పలకను మళ్ళీ ఎవరూ కదపరు. 60 సెంటీమీటర్ల పలక కాలువ రెండు గట్ల మీద ఆనాలి కాబట్టి కాలువ లోపలి వెడల్పు 40 సెంటీమీటర్లు మించనివ్వకండి. మనుషులు కూర్చునే పలకలే గాని బండి ఎక్కే పలకలు కావు ఇవి. స్కూటరు ఇంట్లోకి ఎక్కించే చోట మాత్రం మందం ఎక్కువ ఉన్న పలక విడిగా వేయించాలి, లేకపోతే మొదటి వానాకాలానికే విరుగుతుంది. ప్రతి పలకకూ రెండు వైపులా కొక్కెం పట్టే రంధ్రాలు పోత పోసేటప్పుడే ఉంచమనండి, తరువాత తొలిస్తే లోపలి చువ్వ బయటపడి తుప్పు పడుతుంది. వీధిలో రెండు జతల కొక్కేలు గుడి దగ్గర ఉంచండి. అంచులు కొద్దిగా గుండ్రంగా తీయించండి, కూర్చునేవారి మోకాళ్ళ వెనక కోసుకోకుండా ఉంటుంది.